తోక లేని తేలు

“బొమ్మ దింపుతవా, దింపవా? ఒక్కటే ముచ్చట చెప్పక్కా, నేను పోవాలె.”

జగన్ చెప్పులు కూడా విప్పలేదు. గడప లోపల ఒక కాలు, బయట ఒక కాలు. అక్క ఇంటికి వస్తే తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసే మనిషి, ఇవాళ కుర్చీ వైపు కూడా చూడలేదు. కృష్ణకుమారి పోసి పెట్టిన చాయ్ స్టవ్ పక్కనే మీగడ కట్టింది.

“కూసొని మాట్లాడు తమ్మీ.”

“కూసొని మాట్లాడే ముచ్చటనా ఇది? నిన్న పొద్దుగాల నుంచి అమ్మ మాట్లాడ్తలేదు. బువ్వ తింటలేదు. గోడ దిక్కు తిరిగి పండుకుంది. దవాఖానకు పోదాం పా అంటే కండ్లు గూడ తెరుస్తలేదు.”

“నేనొస్త. నాతోని మాట్లాడతదేమో.”

“నువ్వొచ్చి ఏం జేస్తవ్? ముందుగాల నాగోలుకు పో. బొమ్మ దింపు. దింపినంక రా.”

“దింపితే మాట్లాడతనని అమ్మ చెప్పిందా?”

“చెప్పాల్నా? మనకు తెల్వదా?”

రెండు రోజులుగా కృష్ణకుమారిని అందరూ అడుగుతూనే ఉన్నారు. స్కూల్లో అడిగారు, పక్కింటివాళ్ళు అడిగారు, పాలవాడు కూడా “మేడం, పేపర్ల మీ బొమ్మేనా?” అని ఓ రకంగా నవ్వి వెళ్ళాడు. అందరికీ చెప్పీ చెప్పీ నాలుక మొద్దుబారింది.

ఇరవయ్యేళ్ళుగా బడిపిల్లల చేత మామిడికాయలూ చిలకలూ గీయించిన మనిషి కృష్ణకుమారి. స్కూలు వార్షికోత్సవానికి తెరల మీద కొండలూ జలపాతాలూ పూసి, ఆ రంగు గోళ్ళలోంచి పోకముందే ఇంటికొచ్చి బియ్యం కడుక్కున్న మనిషి. ఇన్నాళ్ళకు ఆమెది ఒక్క బొమ్మ ప్రదర్శనలో గోడ ఎక్కింది. ఎక్కిన వారానికే పుట్టిల్లు రెండుగా చీలింది.

“అందుల తప్పేముంది జగన్? నాయినమ్మ సచ్చేదాంక రైక తొడగలే. ఎవలన్న నవ్విన్రా?”

“నాయినమ్మ వాకిట్ల కూసున్నది. పేపర్లకెక్కలే.”

“మొఖం లేదు గదరా బొమ్మకు! ఎవలో ఏందో ఎట్ల తెలుస్తదనుకున్న?”

“తేలు గీసినవ్ గద! మొఖం లేకపోతేంది, తేలుంది గద!”

అదీ జరిగింది. పోయిన ఎండాకాలం జగన్ ఇంటికి స్లాబ్ మరమ్మతు పని పెట్టుకుంటే తల్లి అండాలమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురి దగ్గర ఉంది. మధ్యాహ్నాలు వెనక బాల్కనీలో రైక విప్పేసి, కొంగు నడుముకు చుట్టుకుని, కాళ్ళు బారజాపి చింతపండు కొట్టేది. కృష్ణకుమారి ఎదురుగా పీట వేసుకుని గీసేది. “ఏం గీస్తున్నవే?” అంటే “నిన్నే” అంది. “గీసుకో, పనిలేనిదానివి” అని నవ్వింది తల్లి. అనుమతి అంటే అంతే. అది గోడ ఎక్కుతుందని గానీ, జనం డ్రెస్సులు వేసుకుని వచ్చి చూస్తారని గానీ ఆవిడకు ఎవరు చెప్పారు?

మెడ దగ్గర ఆపేసి, మొహం వదిలేస్తే మనిషి దొరకదనుకుంది కృష్ణకుమారి. జబ్బ మీది పచ్చబొట్టు మాత్రం వదలబుద్ధి కాలేదు. ఆ ముడతల మీద ఆ పచ్చరంగు అంత బాగా కుదిరింది. పట్నంలో మొహం చూసి మనిషిని గుర్తుపడతారు. నల్లగొండ పల్లెలో ఆ వయసు ఆడవాళ్ళు ఒకరినొకరు పచ్చబొట్టు చూసి గుర్తుపడతారు. ఆ సంగతి అక్కడే పుట్టి పెరిగిన కృష్ణకుమారి మరచిపోయింది.

అండాలమ్మదైతే మామూలు తేలు కూడా కాదు. చిన్నప్పుడు పచ్చబొట్లామె సూదులతో పొడుస్తుంటే, తేలు ఒళ్ళూ కాళ్ళూ అయ్యేదాకా ఓర్చుకుని, తోక దగ్గరికొచ్చేసరికి చెయ్యి గుంజుకుని గడ్డివాము ఎక్కి కూర్చుందట. ఎంత బతిమాలినా దిగలేదు. ఆ తేలుకి తోక లేకుండానే పోయింది. అదే రోజు అదే సూదులతో పొడిపించుకున్న పెంటమ్మ ఆ ముచ్చట ఊరందరికీ చెప్పి నవ్వేది. ఇప్పుడు పెంటమ్మ మనవడు ఫోన్లో పేపరు బొమ్మ చూపిస్తే, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా “గిది మా అండాలు గాదుర?” అంది. సాయంత్రానికల్లా ఊరి గ్రూపులో అందరికీ తెలిసింది.

“నీకొక ముచ్చట చెప్పాల్నా అక్కా?” జగన్ గొంతు తగ్గింది. “గా బొమ్మ గ్రూపుల వచ్చినప్పుడు ముందుగాల నేనే నవ్విన. ఎవలదో ముసలామెది అనుకొని నవ్విన. నవ్వుకుంట ఇంకొకనికి పంపిన. గప్పుడు పెంటమ్మ మనుమడు కింద అమ్మ పేరు రాసిండు. పుట్టినకాన్నుంచి నేను సుత మా అమ్మను గట్ల చూడలే. నాతోని నవ్విపిచ్చినవ్.”

అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తిట్టి వెళ్ళినా బాగుండేది.

*

కింద కర్రీ పాయింట్ దగ్గర కోచింగ్ పిల్లల వరస అప్పుడే రోడ్డు దాకా వచ్చింది. ఆదివారమైనా వాళ్ళకు పరీక్షలే. కృష్ణకుమారి భర్త రామారావు గరిటె చేత్తోనే పైకి వచ్చాడు. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయినా ఆయన మాటలో తెనాలి పోలేదు, గోంగూరలో ఘాటూ పోలేదు.

“ఏవఁన్నాడు మీ తమ్ముడు?”

“దింపమన్నడు.”

“నువ్వేవఁన్నావు?”

“ఏమనలే.”

ఆయన స్టవ్ పక్కన చల్లారిన చాయ్ చూసి, తనే తీసుకుని తాగాడు. “చూడు కుమారీ, నేను దింపమననూ, ఉంచమననూ. నీ బొమ్మ, మీ అమ్మ. నీ ఇష్టం.”

“అంతేనా?”

“అంతే. నేనేవన్నా అడ్డం చెప్పానా ఎప్పుడైనా?”

“అడ్డం చెప్పలే. ఇరవయ్యేండ్ల సంది నా ఇష్టమనే అంటున్నరు. మంచిదే. కానీ ఎన్నడన్న గా బొమ్మ ముంగట జరసేపు నిలబడి చూసిన్రా? బాల్కనీల నెలలపాటు ఉండె. దాని పక్కపొంటి పొయ్యి లుంగీలు ఆరేసుకున్నరు.”

రామారావు కప్పు కడిగి బోర్లించాడు. “అత్తయ్యగారిది కదా, చూడ్డానికి మొహమాటంగా ఉండేది” అన్నాడు నెమ్మదిగా.

“మీకు తెలుసా? అమ్మదని?”

“రోజూ చూస్తున్న ఆవిడేగా. తెలీకేం?”

“మరి గుర్తుపడ్తరని చెప్పొద్దా నాకు?”

“నువ్వడగలేదుగా” అన్నాడు ఆయన. కింద నుంచి పిల్లలు పిలుస్తున్నారు. పప్పు అడుగంటుతోందంటూ దిగిపోయాడు.

కృష్ణకుమారి ముఖం కడుక్కుని చీర మార్చుకుంది. ఏ చీర కట్టుకుందో మెట్రో ఎక్కాక గానీ చూసుకోలేదు. కోపం కూడా రావడం లేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

చైతన్యపురి దాటుతుండగా జోస్నా ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆమె దగ్గర బడిలో చిలకలు గీసిన పిల్లే. ఇప్పుడు తనే ఆర్ట్ లెక్చరర్. ఆడ చిత్రకారులంతా కలిసి పెట్టిన ఈ ప్రదర్శన ఆ పిల్ల పట్టుదలే. గ్యాలరీలవాళ్ళు ఆరు నెలలు తిప్పించుకుంటే, నాగోలులో కొత్త అపార్ట్‌మెంట్ కింద ఖాళీగా పడున్న షోరూమ్ అడిగి తీసుకుంది.

“మేడం, దింపుతరంట గద? మీ తమ్ముడు నాకు గూడ ఫోన్ చేసిండు.”

“ఇంకా అనుకోలే జోస్నా.”

“దింపకండి మేడం. ప్లీజ్. వచ్చినోళ్ళందరు దాని ముందల్నే నిలబడుతున్నరు. తల లేకపోవడమే మేడం దాంట్ల గొప్ప. అది ఒక్కరి ఒళ్ళు కాదు, అందరు ఆడోళ్ళ ఒళ్ళు. ఇన్ని వందల ఏండ్లు మగోళ్ళు మనల్ని గీసిన్రు, వాళ్ళకు నచ్చినట్టు గీసిన్రు. ఇప్పుడు మనం గీస్తే తీసెయ్యమంటరా? మీరు దింపితే రేపు నా బొమ్మ దింపమంటరు, ఎల్లుండి ఇంకొకామెది.”

కృష్ణకుమారికి తన కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. ఏడాదంతా చెప్పిన కళాచరిత్ర పాఠాల్లో బొమ్మల్లో ఉన్న ఆడవాళ్ళు బోలెడు. బొమ్మలు గీసిన ఆడవాళ్ళు మాత్రం అమృతా షేర్‌గిల్ ఒక్కతే. ఆ ఒక్కతె గురించి పరీక్షలో ప్రశ్న కూడా రాలేదు. జోస్నా అన్నదాంట్లో అబద్ధం లేదు. జగన్ అన్నదాంట్లోనూ లేదు. నిజాలు రెండైతే ఎటు పోవాలో ఏ పాఠంలోనూ చెప్పలేదు.

“మేడం, వింటున్నరా?”

“వింటున్న బిడ్డా. మా అమ్మ బువ్వ తింటలేదు” అంది కృష్ణకుమారి.

*

ఎల్బీ నగర్ చౌరస్తా వెనక గల్లీలో జగన్ ఇల్లు. ముందు వాడి డీసీఎం వ్యాన్ ఆగి ఉంది, వాడు మాత్రం లేడు. మరదలు యాదలక్ష్మి తలుపు తీసి, పక్కకు జరిగి నిలబడింది.

“వదినా, నా మీద కోపం చెయ్యకు. ఆయన నిన్ను రానియ్యొద్దన్నడు. నేను చూడలేదనుకో.”

“ఏడుంది?”

“లోపట. జర చూడు వదినా, గా అంగీ ఇప్పుమంటె ఇప్పదు. ఇంత ఎండల మనిషి ఉడికిపోతున్నది.”

ముందు కృష్ణకుమారికి అర్థం కాలేదు. గదిలోకి వెళ్ళి చూస్తే అర్థమైంది.

అండాలమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. చీర మీద జగన్ పొడుగు చేతుల అంగీ తొడుక్కుంది. మణికట్టు గుండీలు పెట్టుకుంది. మెడ గుండీ కూడా పెట్టుకుంది. ఎండాకాలం వచ్చిందంటే రైక కూడా ఓర్వలేని మనిషి. అంగీ వీపంతా చెమటతో అంటుకుపోయి ఉంది.

ఇదంతా నేను చేసిందే అనుకుంది కృష్ణకుమారి. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ, ఒంటికి సిగ్గేమిటనీ, అమ్మ ఒళ్ళు చూసి పుట్టిన గౌరవమే ఆ బొమ్మ అనీ, అన్నీ ఆ అంగీ చూడగానే పోయాయి.

“అమ్మా.”

ఫ్యాను తిరుగుతోంది. జవాబు లేదు.

“అమ్మా, నేనే. కిష్ణమ్మను.”

లేదు.

ఆమె కింద కూర్చుంది. తల్లి కాలి మీద చెయ్యి వేస్తే కాలు వెనక్కి పోయింది. చెయ్యి తీసేసింది. యాదలక్ష్మి గుమ్మంలో నిలబడి చూసి చూసి, మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళిపోయింది. బయట దూరపు ఊళ్ళ బస్సులవాళ్ళు “సూర్యాపేట, సూర్యాపేట” అని అరుస్తున్నారు. కృష్ణకుమారి ఆ గ్లాసు వైపు చూస్తూ అలాగే చాలాసేపు కూర్చుంది. ఏడవాలని ఉంది. ఏడిస్తే తల్లి ఓదార్చాల్సి వస్తుంది, అదీ అన్యాయమే అనిపించింది.

చివరికి ఓడిపోయింది. “దింపేస్త అమ్మా. ఇప్పుడే పొయ్యి దింపేస్త. లేచి ఇంత తిను.”

“ఏం దింపుతవ్?”

గోడవైపు నుంచే వచ్చింది మాట. రెండు రోజుల మౌనం వల్ల గొంతు గీరుకుపోయి ఉంది.

“బొమ్మ.”

“నేను చూసిన్నా?”

కృష్ణకుమారి మంచినీళ్ళ గ్లాసు తల్లి వైపు జరిపింది.

“పెంటి చూసింది. పెంటి మనుమడు చూసిండు. కొడుకు చూసిండు, కోడలు చూసింది. ఊరు ఊరంత చూసింది. ఉంచాల్నా తియ్యాల్నా అని అందరు కొట్లాడుకుంటున్నరు. నాకెవలన్న చూపెట్టిన్రా?”

యాదలక్ష్మి గుమ్మంలోకి తొంగిచూసింది. “ఫోన్ల ఉన్నదత్తా, చూపెట్టాల్నా?”

“ఫోన్ల గాదు.” అండాలమ్మ లేచి కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి. కొప్పు బిగించి ముడేసుకుంది. “ఏడున్నదో ఆడికి తీస్కపో.”

“బువ్వ తిని పోదాం.”

“వచ్చినంక సూస్త.”

“అంగీ ఇప్పు మరి.”

అండాలమ్మ కూతురి మొహంలోకి సూటిగా చూసింది. “నా అంగీ నా ఇష్టం” అంది.

*

తల్లీ కూతుళ్ళు నాగోలుకు ఆటో ఎక్కారు. ఆటోవాడు అద్దంలోంచి ముసలావిడ అంగీ వైపు రెండుసార్లు చూశాడు. మూడోసారి చూసేసరికి అండాలమ్మ “ముంగట చూసి నడుపు బిడ్డా” అంది.

హాలులో అంత జనం లేరు. జోస్నా ఎదురొచ్చి “అమ్మమ్మా” అంటూ చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల మొహంలో భయం ఉంది. భయం దాచుకోవడానికి గలగలా మాట్లాడింది. లోపలికి వెళ్ళే దారిలో గోడకు ప్రపంచంలోని ఆడ చిత్రకారుల బొమ్మల నకళ్ళు అంటించి ఉన్నాయి. అండాలమ్మ ఒకదాని ముందు ఆగింది.

“ఈమెకు కనుబొమ్మలు కలిసినయేందే?”

“ఆమె ఫ్రీడా, అమ్మమ్మా. చానా దూరదేశం. ఆమె బొమ్మ ఆమెనే గీసుకుంది.”

“ఒళ్ళు గూడనా?”

“ఔ. బస్సు ప్రమాదంల విరిగిన ఒళ్ళు గూడ ఆమెనే గీసుకుంది.”

“ఊఁ” అంది అండాలమ్మ. ముందుకు నడిచింది.

బొమ్మ ఆ చివరి గోడకు ఉంది. బారజాపిన కాళ్ళు, మడత పడ్డ పొట్ట, జారిన రొమ్ములు, ఒడిలో చింతపండు, జబ్బ మీద పచ్చగా తేలు. మెడ దగ్గర బొమ్మ ఆగిపోయి, పైన గోధుమరంగు ఖాళీ. కృష్ణకుమారి తల్లి వెనక నిలబడింది. పక్కన నిలబడే ధైర్యం లేకపోయింది.

అండాలమ్మ చాలాసేపు చూసింది. దగ్గరికి వెళ్ళి చూసింది, వెనక్కి వచ్చి చూసింది. వేలితో గాలిలోనే తేలు కాళ్ళు గీసింది.

“పొట్ట గింతుంటదా నాది?”

కృష్ణకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. “ఉంటదమ్మా.”

“చింతపండు మంచిగొచ్చింది.” మళ్ళీ చూసింది. కింద అంటించిన చిన్న కాగితం వైపు చూపించింది. “అందుల ఏం రాసిన్రు?”

జోస్నా చదివింది. “ఇది ఏ ఒక్క స్త్రీ దేహమూ కాదు, స్త్రీలందరి దేహం, అని.”

“అందరిదెట్లయితది? తేలు నాది గద.”

“అంటే అమ్మమ్మా, అందరాడోళ్ళ కష్టం దాంట్ల కనపడాలని...”

“అందరాడోళ్ళు చింతపండు కొట్టిన్రా? నేను గొట్టిన.” గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కూతురి వైపు తిరిగింది. “మొఖం ఏదే?”

“నీకు చెడ్డపేరు రావొద్దని తీసేసినమ్మా. ఎవలకు తెల్వొద్దని.”

“ఎవలకు తెల్వొద్దని? నాకు చెడ్డపేరు రావొద్దనా, నీకు మాట రావొద్దనా?”

కృష్ణకుమారి తల దించుకుంది.

“కోళ్ళ దుకాణంల తలకాయ తీసి ఏలాడేస్తరు సూడు, గట్లున్నది నాకు. అన్ని గీసినవ్. వేలి గోళ్ళు సుత గీసినవ్. నేను నీతోని ముచ్చట పెట్టుకుంట కూసున్న గప్పుడు. మీ నాయిన ముచ్చట చెప్పిన. గా నోరే తీసేసినవ్.”

అప్పుడే గుమ్మం దగ్గర జగన్ గొంతు వినిపించింది. యాదలక్ష్మి చెప్పేసినట్టుంది. లోపలికి రాలేదు. హాలుకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ గోడ కంట పడకుండా అక్కడి నుంచే పిలిచాడు.

“అమ్మా, పా ఇంటికి పోదాం. అక్కా, నీకు దండం పెడత. దాన్ని దింపు. గప్పుడు నేను వెన్కకు తిరుగుత.”

“నువ్వు జరాగు జగన్” అంది అండాలమ్మ.

“ఏం ఆగాలమ్మా? ఇంక ఎంత ఇజ్జత్ పోవాలె?”

“నా ఒంటి ముచ్చటకు కొట్లాట పెట్టుకొని రెండు దినాలాయె మీరు. జర నన్ను మాట్లాడనిస్తవా?”

అండాలమ్మ గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, బొమ్మకు ఎదురుగా కూర్చుంది. మణికట్టు గుండీలు ఒకటొకటిగా తీసుకుంది. మెడ గుండీ తీసింది. అంగీ విప్పి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. రైక చేతుల కింద నుంచి తేలు సగం కనిపించింది.

“దింపకు” అంది.

జోస్నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కృష్ణకుమారి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. గుమ్మం దగ్గర జగన్ చెప్పుతో నేలను తన్నాడు.

“మొఖం పెట్టు. నా మొఖమే పెట్టాలె. పెంటికి సుత మొఖం జూసే తెల్వాలె, తేలును జూసి గాదు.”

“పెడతనమ్మా.” రెండు రోజుల తర్వాత మొదటిసారి కృష్ణకుమారికి భుజాల మీంచి బరువు దిగినట్టయింది. “రేపే మొదలుపెడత. నువ్వు మా ఇంటికి రా, నీ ముంగటనే గీస్త.”

“ఇంకొకటి.”

“చెప్పు.”

అండాలమ్మ బొమ్మలోకి వేలు చూపించింది. చాచిన కాళ్ళ పక్కన నేల ఖాళీగా ఉంది.

“పెంటి ఫోన్ జేసింది నాకు. ఎవలకు చెప్పలే. ‘నీ బిడ్డ సుకంగ నీడపట్టున ఉండి, నిన్ను బజార్ల కూసోబెట్టిందే’ అన్నది. నవ్వుకుంటనే అన్నది గానీ, అది నిజమే గద. నన్నొక్కదాన్నే కూసోబెట్టినవ్. గా కనుబొమ్మలామెనన్న తన ఒళ్ళు తనే గీసుకున్నదంట.” ఆవిడ ఊపిరి తీసుకుంది. “నా పక్కకు నువ్వు కూసో. గట్లనే. నా లెక్కనే. నీ మొఖం, నీ ఒళ్ళు, ఏది దాయకుంట గియ్యి. గప్పుడు గోడకుండని, ఊరంత జూడని. నీతోని గాదంటే చెప్పు. జగన్ అన్నట్టు ఇప్పుడే దింపి నాకియ్యి, పొయ్యిల పెట్టుకుంట.”

జోస్నా చెయ్యి కృష్ణకుమారి చేతిమీంచి మెల్లగా జారిపోయింది. ఇంతసేపూ రోడ్డు వైపే చూస్తున్న జగన్ మొదటిసారి వెనక్కి తిరిగాడు. వాడు గోడను చూడలేదు. అక్కను చూశాడు.

కృష్ణకుమారి ఏదో చెప్పాలనుకుంది. స్కూలు హెడ్మాస్టరు కళ్ళ ముందు మెదిలాడు. రామారావు మెదిలాడు. కర్రీ పాయింట్ ముందు గిన్నెలతో నిలబడే పిల్లలు మెదిలారు. రోజూ “గుడ్ మార్నింగ్ మేడం” అనే పిల్లలు. చెయ్యి దానంతటది లేచింది. కొంగు భుజం మీదుగా లాగి, రెండు వైపులా నిండుగా కప్పుకుంది.

కుర్చీలోంచి అండాలమ్మ అది చూసింది.

“గదీ” అంది. ఒళ్ళోని అంగీ తీసి కూతురి వైపు చాపింది. “ఇగ తీస్కో. నీకు గావాలె.”